గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన యువ కార్మికుల కిడ్నీ జబ్బు: అనుభవాల పరిశోధన

గల్ఫ్ దేశాల్లో, మలేసియాలో పనిచేసి, పాతికకీ నలభైకీ మధ్య వయసులోనే కిడ్నీలు చెడి ఇల్లు చేరిన నేపాలీ యువకుల అనుభవాలను సేకరించి పరిశీలించే అధ్యయన రంగం ఇది. జబ్బు ఎందుకొచ్చిందన్నది వైద్యుల ప్రశ్న. జబ్బుతో బతుకు ఎలా సాగుతోందన్నది ఈ పరిశోధకుల ప్రశ్న. పనిలోకి దిగాక ఈ రెండింటినీ విడదీయడం కష్టం.

నేపథ్యం

షుగరు, బీపీ లేని యువ కూలీల్లో కిడ్నీలు పాడవడాన్ని మధ్య అమెరికా చెరకు తోటల ప్రాంతాల్లో వైద్యులు గమనించారు. ఎల్ సాల్వడార్ వైద్యుడు ట్రబానినో బృందం 2002లో దీన్ని నమోదు చేసింది. మండుటెండలో గంటల తరబడి బరువు పని, ఒంట్లో నీరు మళ్లీమళ్లీ తగ్గిపోవడం ప్రధాన కారణాలని అనుమానం. ఒళ్లునొప్పులకు తరచూ మింగే బిళ్లలూ కిడ్నీలకు హాని చేస్తాయి. గల్ఫ్ నుంచి వచ్చిన యువకులు నేపాల్ డయాలసిస్ కేంద్రాలకు చేరుతుండటంతో పరిశోధకుల చూపు ఇటు మళ్లింది.

లెక్కకు అందని రోగి

గల్ఫ్ వెళ్లేవారికి వైద్య పరీక్ష తప్పనిసరి. అందులో ‘ఫిట్’ అని తేలినవాళ్లే విమానం ఎక్కుతారు కాబట్టి అక్కడి లెక్కల్లో వలస కార్మికులు ఆరోగ్యవంతులుగా కనిపిస్తారు. మంచాన పడితే పని పోతుంది, దాంతోపాటు అక్కడ ఉండే హక్కూ పోతుంది. రోగి ఊరు చేరతాడు; అతని జబ్బు ఆ దేశపు పట్టికలో పడదు. ఖతార్‌లో నేపాలీల మరణాలకూ వేడికీ ఉన్న సంబంధంపై 2019లో ‘కార్డియాలజీ’ పత్రికలో వచ్చిన అధ్యయనం 2009–2017 మధ్య చనిపోయిన 1,354 మందిని పరిశీలించింది. చావులనైతే ఇలా లెక్కించవచ్చు. బతికుండి వారం వారం డయాలసిస్‌కు వెళ్లేవాడి సంగతి తెలియాలంటే అతన్నే అడగాలి.

అడిగే తీరు

దీర్ఘవ్యాధి మనిషి జీవిత క్రమాన్నే తెంచేస్తుందన్న భావనను మైఖేల్ బ్యూరీ 1982లో కీళ్లవాతం రోగుల ఇంటర్వ్యూల ఆధారంగా ప్రతిపాదించాడు. ఇంగ్లండ్‌లో పుట్టిన ఆ భావన ఇక్కడ పూర్తిగా సరిపోదు. ఇక్కడ దెబ్బతినేది ఒక్కడి బతుకు కాదు: వీసా కోసం తెచ్చిన అప్పు, సగంలో ఆగిన ఇల్లు, చెల్లెలి పెళ్లి అన్నీ అతని సంపాదన మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంటర్వ్యూకి డయాలసిస్ మంచం వీలుగా కనిపిస్తుంది. నాలుగు గంటలు రోగి కదలడు. కానీ పక్క మంచంవాడు వింటుంటాడు, భార్య అక్కడే కూర్చుని ఉంటుంది. ఆమెకు చెప్పని అప్పు గురించి అతను ఎలా నోరు విప్పుతాడు? అందుకే మరోసారి విడిగా కలవడం మేలు. ‘నీళ్లు ఎన్ని తాగేవాడివి?’ అంటే ‘తాగేవాణ్ణే’ అంటాడు. నీళ్ల డ్రమ్ము ఎక్కడుండేది, మరుగుదొడ్డి ఎంత దూరం, పరంజా దిగి వెళ్తే మేస్త్రీ ఏమనేవాడు అని అడిగితే, మూత్రానికి దిగాల్సి వస్తుందని నీళ్లు మానుకున్న సంగతి బయటపడవచ్చు. అలా దాహాన్ని ఆపుకున్నవాడే ఇప్పుడు డాక్టరు చెప్పిన కొలత దాటి తాగకూడదు. డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చేత్తో బరువులు ఎత్తకూడదు. అతనికి తెలిసిందేమో ఆ పనే. నేపాల్‌లో డయాలసిస్ ఉచితమే అయినా, ఆసుపత్రికి దగ్గర్లో గది అద్దెకు తీసుకుని ఉండాల్సి వస్తే అది రెండో వలస అవుతుంది.

తెలుగు ప్రాంతాలు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవారి విషయంలోనూ ఈ ప్రశ్నలే వేయాల్సి ఉంటుంది. కంపెనీ విడిచి కాగితాలు లేకుండా పనిచేసిన ‘ఖల్లివల్లి’ కార్మికుడు సమ్మతి పత్రం మీద సంతకానికి జంకడం సహజం. నోటిమాటగా ఇచ్చే సమ్మతి అక్కడ నయం. ఉద్దానంలో చిక్కు వేరు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ పల్లెల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు ముందునుంచే ఉంది. అక్కడి యువకుడు పరాయి దేశంలో పనిచేసి రోగంతో తిరిగొస్తే, అది వెంట తీసుకెళ్లిందా, అక్కడ వచ్చిందా అన్నది బయలుదేరే ముందు తీసిన, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ రిపోర్టు లేకుండా చెప్పడం కష్టం.