11 నుంచి 9కి దిగిన కార్వెట్

1970లో షెవ్రోలే కార్వెట్‌కి ఎల్‌టీ-1 ఇంజన్ వేయించుకుంటే 370 హార్స్‌పవర్ వచ్చేది. మరుసటి ఏడాది అదే ఇంజన్ 330కి పడిపోయింది. వాల్వులను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ మారలేదు. సిలిండర్లో గాలిని ఎంతగా అదుముతుందో చెప్పే కంప్రెషన్ నిష్పత్తి మాత్రం 11 నుంచి 9కి దిగింది.

షెవ్రోలేకి గట్టి కామ్‌ల రుచి చూపించినవాడు జోరా ఆర్కస్-డంటోవ్. బ్రస్సెల్స్‌లో పుట్టి, రష్యాలో పెరిగి, 1953లో షెవ్రోలే మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో చేరిన ఇంజనీరు. కుర్రకారంతా ఫోర్డుల వెంట పడుతోందని, వేగం పెంచే విడిభాగాలు మనమే అమ్మాలని ఆ ఏడాదే పైవాళ్లకి నోట్ రాశాడు. 1956 జనవరిలో తన కామ్ బిగించిన కార్వెట్‌ని డేటోనా ఇసుక మీద గంటకి 150 మైళ్లు దాటించాడు. 1957లో ఫ్యూయల్ ఇంజెక్షన్, 10.5 కంప్రెషన్ దానికి తోడయ్యాయి. 283 ఘనపుటంగుళాల ఇంజన్, 283 హార్స్‌పవర్! ప్రకటనలు రాసేవాళ్లకి పండగే.

ఇలాంటి కామ్, పిస్టన్ అడుగుకి చేరి పైకి మళ్లాక కూడా ఇన్‌టేక్ వాల్వును చాలాసేపు తెరిచే ఉంచుతుంది. ఇంజన్ జోరు మీదుంటే, దూసుకొచ్చే గాలి ఆ ఊపులో పిస్టన్‌కి ఎదురెళ్లి మరీ సిలిండర్ నింపుతుంది. నిదానంగా తిరిగేటప్పుడు ఆ ఊపుండదు. పీల్చిన దాంట్లో కొంత వచ్చిన దారినే పోతుంది. వాల్వు మూసుకున్నాకే అసలు అదమడం మొదలు కాబట్టి, కాగితం మీది 11 సిలిండర్లో అంత ఉండదు. అందుకే పెద్ద కామ్ పెద్ద కంప్రెషన్ అడుగుతుంది. కామ్ ఒక్కటే కొని బిగించినవాడి కారు సిగ్నల్ దగ్గర గర్జిస్తుంది, కదలమంటే మొరాయిస్తుంది. పెద్ద కంప్రెషన్‌కి చిన్న కామ్ వేస్తే ఇంకో తంటా, నాకింగ్: పెట్రోల్ వేళకాని వేళ పేలి ఇంజన్‌ని కొట్టడం.

ఆ నాకింగ్‌ని అన్నాళ్లూ ఆపింది పెట్రోల్లో కలిపే సీసం. 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలోనే థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టిన ఉపాయమది, విషమే అయినా. పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌కి సీసం పడదు. దాంతో 1971 మోడళ్లన్నీ నాకింగ్‌ని అంతగా ఆపలేని 91 ఆక్టేన్ పెట్రోల్‌తోనే నడవాలని కంపెనీ అధ్యక్షుడు ఎడ్ కోల్ తేల్చేశాడు. అందుకే కంప్రెషన్ దిగింది. 1955లో ఈ ఇంజన్లన్నీ చెందిన వీ-8 కుటుంబాన్ని చీఫ్ ఇంజనీరుగా రోడ్డెక్కించిందీ ఆయనే!

పోయిన 40 హార్స్‌పవర్ ఇంజన్ గరిష్ఠ శక్తి లెక్క. అదే పెద్ద కామ్‌కి కంప్రెషన్ తగ్గడంతో ఊళ్లో నెమ్మదిగా నడిపేవాడికి తగిలిన దెబ్బ బ్రోషర్లో కనపడదు. 1972లో కొలిచే పద్ధతే మారి, ఎల్‌టీ-1 అంకె 255 అయింది. 1973లో దాని చోట ఎల్-82 వచ్చింది. కంప్రెషన్ అదే 9, కామ్ మాత్రం మెతకది. కొత్త కొలతలో దాని శక్తి 250.