చేతిసంచిలో స్టూడియో
(చిన్న కెమేరా చరిత్ర – నా అనుభవాలు)

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘం సంపాదకవర్గం వారు అడిగారు. రాజుల చరిత్రలు, రాజ్యాల చరిత్రలు నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత 2010 నుండి నా చేతిసంచిలో ఉంటున్న ఒక చిన్న వస్తువు చరిత్ర వ్రాస్తున్నాను. దానిని అడ్వాన్స్‌డ్ కాంపాక్ట్ డిజిటల్ కెమేరా అంటారు. పేరు పొడుగే గాని వస్తువు అరచేతిలో ఇముడుతుంది. నేను నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి. కాబట్టి పోలికలన్నీ కాలువలు, తూములే వస్తాయి, పాఠకులు మన్నించాలి.

స్టూడియోకి వెళ్ళిన రోజులు

ఫొటో తీసే విద్య 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడైంది. డగేర్ అనే ఆయన వెండిపూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పట్టాడు. మన ప్రాంతంలో ఆ విద్యకు గొప్ప పేరు తెచ్చినవారు రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. మనలాగే ఇంజనీరింగు శాఖ ఉద్యోగం నుండి వచ్చినవాడని చెప్పుకోవడానికి మనకూ కాస్త గర్వమే.

ఫొటోను సామాన్యుడి చేతికి తెచ్చింది అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్. 1888లో ఆయన అమ్మిన కోడక్ కెమేరాలో 100 ఫొటోలకు సరిపడా ఫిలిం ఉండేది. ఫొటోలు అయిపోయాక కెమేరాను యథాతథంగా ఫ్యాక్టరీకి పంపితే వాళ్ళే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిలిం ఎక్కించి తిరిగి పంపేవారు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమేరా ధర ఒక డాలరు మాత్రమే.

మన ఇళ్ళకు ఆ భాగ్యం చాలా ఆలస్యంగా వచ్చింది. మన తరం వారిలో చాలామందికి మొదటి కెమేరా ఆగ్ఫా క్లిక్ త్రీ. 120 రోలు వేస్తే 12 ఫొటోలు. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు. అంతకుమించి తిప్పడానికేమీ లేదు. ఫిలిం మన దేశంలోనే తయారు కావాలని ప్రభుత్వం 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ స్థాపించింది. ‘ఇందు’ అనే పేరుతో వచ్చిన ఆ ఫిలిం డబ్బాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. తర్వాత ఆ సంస్థ మూతపడింది.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మన వాళ్ళెవరూ మరచిపోలేరు. ధవళేశ్వరం దగ్గర డ్యూటీలో ఉన్న నేను నా క్లిక్ త్రీతో ఒక రోలంతా తీశాను. వానలో, ఆ మసక వెలుతురులో, పన్నెండింటికి అయిదు వచ్చాయి. ఆ అయిదూ ఎలా వచ్చాయో చూసుకోవడానికి రోలు కడిగించేదాకా, అంటే మూడు వారాలు ఆగవలసి వచ్చింది. ఫిలిం రోజుల్లో ఫొటో తీయడమంటే విత్తనం చల్లి ఎదురుచూడడమే.

ఫిలిం లేని ఫొటో

1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో విల్లర్డ్ బోయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు సి.సి.డి. అనే పరికరాన్ని కనిపెట్టారు. వెలుతురు పడిన చోట విద్యుదావేశం నిలవచేసి, దానిని వరుసగా ఒక గడి నుండి మరో గడికి అందించుకుంటూ బయటికి తెచ్చి లెక్కించడం దాని పని. ఇందుకు వారికి 2009లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది, అంటే నలభై ఏళ్ళ తర్వాత. మన ఎరియర్సే ఆలస్యమనుకుంటాం!

1975లో కోడక్ కంపెనీలో పనిచేసే స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు సి.సి.డి.తో మొట్టమొదటి డిజిటల్ కెమేరాను కట్టాడు. బరువు మూడున్నర కిలోల పైమాట. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఫొటోలో ఉండే చుక్కలు పదివేలు, రంగు లేదు. మరుసటి ఏడాది అదే కంపెనీలో బ్రైస్ బేయర్ రంగుల జల్లెడకు పేటెంటు పొందాడు. గడుల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు పరిచే ఆ పద్ధతి నేటికీ చాలా కెమేరాల్లో, ఫోన్లలో ఉంది. అయితే ఫిలిం అమ్మకమే ప్రాణమైన కంపెనీకి ఫిలిం అక్కరలేని కెమేరా మీద మనసు ఎలా పోతుంది? ఈ రెండింటికీ పుట్టిల్లయిన కోడక్ 2012 జనవరిలో అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరింది.

1995లో కాసియో కంపెనీ క్యూవీ-10 అనే కెమేరాకు వెనక చిన్న తెర పెట్టింది. తీసిన ఫొటో అప్పుడే చూసుకోవచ్చు, బాగా రాకపోతే చెరిపేయవచ్చు. మూడు వారాల నిరీక్షణకు అక్కడితో తెరపడింది.

చిన్నదైనా చేతికి పని చెప్పే రకం

జేబులో పట్టాలి, కాని పెద్ద కెమేరాలా అన్నీ మన చేత్తో తిప్పుకునే వీలుండాలి: ఈ కోరిక డిజిటల్‌తో పుట్టింది కాదు. 1925లో జర్మనీలో లైకా, 1966లో రోలై 35, 1979లో ఒలింపస్ ఎక్స్ఏ ఈ కోరికను తీర్చినవే. డిజిటల్‌లో ఆ దారిని స్థిరపరచినవాటిలో ముఖ్యమైనది 2000లో వచ్చిన కెనాన్ పవర్‌షాట్ జి1. దాని చుక్కలు 33 లక్షలు. తెర తలుపులా తెరుచుకుని తిరిగేది. పైన పెద్ద ఫ్లాష్ పెట్టుకోవచ్చు. ‘రా’ ఫైలు కూడా ఇచ్చేది. ‘రా’ అంటే బియ్యం, జెపెగ్ అంటే వండిన అన్నం అనుకోండి. బియ్యం చేతిలో ఉంటే అన్నం వండుకుంటామో, పులిహోర చేసుకుంటామో మన ఇష్టం. వండిన అన్నాన్ని మళ్ళీ బియ్యం చేయలేం.

ఆ తర్వాత మెగాపిక్సెళ్ళ పోటీ మొదలైంది. దీనిని మన భాషలో చెబుతాను. ఈ తరగతి కెమేరాల్లో బొమ్మ పడే రేకు, అంటే సెన్సర్, వైశాల్యం దాదాపు 43 చదరపు మిల్లీమీటర్లు. మన పాత 35 ఎం.ఎం. ఫిలిం ఫ్రేము 864 చదరపు మిల్లీమీటర్లు. అంటే ఇరవయ్యో వంతు పొలం. ఈ చిన్న పొలాన్ని లక్షల మడులుగా విభజిస్తే ప్రతి మడికీ అందే నీరు, అంటే వెలుతురు, తగ్గుతుంది. ఐ.ఎస్.ఓ. పెంచడమంటే ఆ కాస్త నీటిని మోటారు పెట్టి తోడడం. నీటితోపాటు బురద కూడా వస్తుంది. చీకట్లో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించేది ఆ బురదే.

2008లో వచ్చిన జి10లో మడులు 147 లక్షలు. ఎండలో అద్భుతంగా ఉన్నా, వెలుతురు తగ్గితే బురద ఎక్కువని విమర్శలు వచ్చాయి. 2009లో జి11కు ఆ సంఖ్యను కోటికి తగ్గించారు. మడి వైశాల్యం ఒకటిన్నర రెట్లయింది. ఏటా అంకె పెంచి అమ్ముకునే వ్యాపారంలో అంకెను తగ్గించి ‘ఇది మేలు’ అని చెప్పడానికి ధైర్యం కావాలి. 2008లోనే పానసోనిక్ ఎల్ఎక్స్3 కూడా అంకెల జోలికి పోకుండా లెన్సు తూమును వెడల్పు చేసే దారి పట్టింది. 2012లో సోనీ ఆర్ఎక్స్100 పొలాన్నే పెంచింది. 240 గ్రాముల కెమేరాలో 116 చదరపు మిల్లీమీటర్ల సెన్సర్. దానిని ‘ఒక అంగుళం’ అంటారు గాని కొలిస్తే అంగుళం ఉండదు. పాత టెలివిజన్ కెమేరా గొట్టాల వ్యాసాన్ని బట్టి వచ్చిన పేరు అది.

నా కెమేరా నేర్పినవి

ఉద్యోగ విరమణ చేసిన రెండేళ్ళకు, 2010లో, మా అబ్బాయి నాకు ఈ తరగతి కెమేరా కొనిపెట్టాడు. కంపెనీ పేరు చెబితే ప్రకటనలా ఉంటుంది, వదిలేస్తున్నాను. దాని నెత్తిమీద గుండ్రని చక్రాలు చూసి నాకు తూము షట్టరు గుర్తొచ్చింది. అసలు సంగతీ అదే. అపర్చర్ అంటే తూము ఎంత తెరిచామన్నది. షట్టరు వేగం అంటే ఎంతసేపు తెరిచి ఉంచామన్నది. ఈ రెండూ పట్టుబడితే సగం విద్య వచ్చినట్టే.

లోపాలూ ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండలో వెనక తెర కనబడదు. తువ్వాలు నెత్తిన కప్పుకుని చూడాలి. పరుగెత్తే మనుమడిని నొక్కేలోగా వాడు ఫ్రేము దాటిపోతాడు. గోదావరి గాలి తేమకు లెన్సులో బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలతో మూతగట్టి డబ్బాలో పెట్టాలి; నెలకొకసారైనా వెలుతురు చూపాలి. వాడని కెమేరా త్వరగా పాడవుతుంది. ఈ మాట మన మోకాళ్ళకూ వర్తిస్తుంది.

2013లో నాతో పనిచేసిన ఒక మిత్రుడు పక్షవాతంతో మంచాన పడ్డారు. ఏదో కాగితానికి భార్యాభర్తల జాయింటు ఫొటో కావలసి వచ్చింది. స్టూడియోకి తీసుకువెళ్ళే స్థితి కాదు. నేనే వెళ్ళాను. ఫ్లాష్ వేయలేదు. మంచాన్ని కిటికీ పక్కకు జరిపించి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, ఎదుట తెల్ల దుప్పటి పట్టించి, ఆ వెలుతురులో తీశాను. ఆవిడ తెరలో చూసి, “అన్నయ్యగారూ, పెళ్ళిలో తీసింది ఒకటి, పింఛను కాగితాలకు తీయించింది ఒకటి. మేమిద్దరం కలిసి కూర్చున్న మూడో ఫొటో ఇదేనండీ” అన్నారు. నాలుగు నెలలకు ఆయన పోయారు. ఆ ఇంటి గోడ మీద ఇప్పుడున్నది ఆ మూడో ఫొటోయే. నలభై ఏళ్ళ కాపురానికి మూడు ఫొటోలు! మన తరం ఇళ్ళలో ఇదేమంత వింత కాదు.

పటం ఉంది, పేర్లు లేవు

ఈ కెమేరాతో నేను చేసిన పనుల్లో ఎక్కువ ఉపయోగపడింది కొత్త ఫొటోలు తీయడం కాదు, పాత ఫొటోలకు నకళ్ళు తీయడం. మిత్రుల ఇళ్ళలో చెదలు, వెండిపురుగులు తింటున్న గ్రూపు ఫొటోలను ఒక్కొక్కటే వరండా నీడలో పెట్టి, కెమేరాను స్టాండుకు బిగించి, రెండు సెకన్ల టైమరు పెట్టి తీశాను. ఫ్రేము అద్దం తీసేస్తే మెరుపు రాదు. అద్దానికి ఫొటో అంటుకుపోయి ఉంటే మాత్రం బలవంతం చేయకూడదు. అద్దంతోనే, కాస్త పక్క వెలుతురులో తీయాలి. తెర తిరిగే కెమేరా అయితే వంగనక్కరలేదు. మన నడుములకు ఇదొక వరం.

వాటిలో ధవళేశ్వరం బ్యారేజి పూర్తయిన 1982 నాటి గ్రూపు ఫొటో ఒకటి ఉంది. 41 మంది. ముందువరసలో కుర్చీల్లో అధికారులు, వెనక వర్క్ ఇన్‌స్పెక్టర్లు, ట్రేసర్లు, లస్కర్లు. అట్ట మీద పేర్లు కుర్చీల వారివి మాత్రమే వ్రాశారు. నిలబడిన వారికి పేర్లు లేవు. ఎనభై రెండేళ్ళ ఒక ట్రేసరు గారి దగ్గరకు ఆ నకలు తీసుకువెళ్ళి, కెమేరా తెర మీద ఒక్కొక్క ముఖాన్నీ పెద్దది చేసి చూపించాను. అట్ట మీద గోరంత ఉన్న ముఖం అరచేయంత అయ్యేసరికి ఆయన ఒక్కొక్కరినీ పిలిచినట్టే పేర్లు చెప్పారు. 34 పేర్లు వచ్చాయి. ఏడుగురు మిగిలారు. మరుసటి ఏడాది ఆయన లేరు. నేను ఆ వారం కాకుండా తర్వాత చూద్దామనుకుని ఉంటే, బ్యారేజికి రాళ్ళెత్తిన మనుషుల్లో సగం మంది పేర్లు ఆయనతోనే పోయేవి.

ఇక ఫోన్ల కాలం

2010లో ప్రపంచంలో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు కంపెనీల నుండి వెళ్ళాయి. 2020 నాటికి అవి 90 లక్షల లోపుకు పడిపోయాయి. ఫోను ఆ పని చేస్తున్నప్పుడు రెండో వస్తువు ఎందుకని జనం అనుకున్నారు. మనకూ ఫోను కెమేరా మేలు చేసింది. 2014లో మొదలైన జీవన ప్రమాణ్‌కు 2021లో ముఖ గుర్తింపు చేర్చాక, మనం బతికే ఉన్నామని ఇంట్లో కూర్చునే నిరూపించుకోగలుగుతున్నాం. అయితే ఈమధ్య మా మనుమరాలి వయసు పిల్లలు మళ్ళీ చిన్న కెమేరాలు వెదికి కొంటున్నారు. ఫోను తీసినవి వేలల్లో పోగుపడి ఏదీ చూడబుద్ధి కావడం లేదని మా మనుమరాలు చెబుతుంది.

నా ఆందోళన తీయడం గురించి కాదు, నిలవడం గురించి. మా బంధువుల ఇంట్లో పదేళ్ళ ఫొటోలున్న హార్డ్ డిస్కు ఒక ఉదయం పలకలేదు. పెళ్ళి, బారసాల, తల్లిగారి చివరి పుట్టినరోజు అన్నీ అందులోనే ఉన్నాయి. మా నాన్నగారి 1948 నాటి ఫొటో మాత్రం ట్రంకుపెట్టె అడుగున కాగితమై నేటికీ ఉంది. అందుచేత పాఠకులకు నా సూచనలు ఇవి:

1. ముఖ్యమైన ఫొటోలు రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఒకటి మరో ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి.
2. ఏడాదికి ఇరవై ఫొటోలు ఎంచి కాగితం మీద ప్రింటు వేయించండి.
3. వెనక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. ‘అమ్మమ్మ’ అని వ్రాస్తే చాలదు. అమ్మమ్మకు ఒక పేరుంది.
4. జాయింటు ఫొటో ఓపిక ఉండగానే తీయించుకోండి. కాగితాల కోసమే కాదు, గోడ కోసం కూడా.

ఆ 1982 నాటి ఫొటో నకలు మన సంఘం కార్యాలయంలో ఇచ్చాను. నిలబడిన రెండో వరసలో ఎడమనుండి మూడు, నాలుగు, తొమ్మిది స్థానాల వారు, చివరి వరసలో నలుగురు ఇంకా పేరు లేకుండానే ఉన్నారు. ఆ బ్యారేజి పనిలో ఉన్నవారు గాని, వారి కుటుంబ సభ్యులు గాని వచ్చి ఒక్కసారి చూడవలసిందిగా ప్రార్థన. భూతద్దం అక్కడే ఉంచాను.