డొమైన్ సర్వర్ మార్పునకు ముందస్తు ప్రణాళిక అవసరం

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఆడిటరు కార్యాలయమైనా, రైసుమిల్లయినా, కళాశాల అయినా సిబ్బంది పేర్లు, పాస్‌వర్డులు, అనుమతులను ఒకచోట భద్రపరచేది డొమైన్ సర్వర్. ఉన్న ఒక్క సర్వరూ మొరాయిస్తే పని స్తంభిస్తుంది.

గడువులు: విండోస్ సర్వర్ 2012 ఆర్2కు సాధారణ మద్దతు 2023 అక్టోబరు 10తో ముగిసింది. 2016 సర్వర్‌కు గడువు 2027 జనవరి 12.

మార్చే విధానం: పాత యంత్రంపైనే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడంకంటే, కొత్త యంత్రాన్ని అదే డొమైన్‌లో రెండో కంట్రోలర్‌గా చేర్చడం క్షేమకరం. అయితే 2025 సర్వర్‌ను చేర్చాలంటే డొమైన్ స్థాయి కనీసం 2016 ఉండాలి. కనుక 2012 ఆర్2 మాత్రమే గల కార్యాలయం ముందుగా 2022 వంటి మధ్యస్థ మెట్టు ఎక్కక తప్పదు. అనంతరం ఐదు ప్రధాన బాధ్యతలను కొత్త యంత్రానికి బదిలీ చేసి, కంప్యూటర్లన్నిటిలో డీఎన్‌ఎస్ చిరునామా మార్చాలి. పాత సర్వర్‌ను ఒకటి రెండు రోజులు ఆపి చూసి, లాగిన్, ప్రింటర్లు, ఖాతాల సాఫ్ట్‌వేర్ సక్రమంగా నడిస్తే, తిరిగి ఆన్ చేసి డొమైన్ నుంచి లాంఛనంగా తొలగించాలి.

సమయం: నెలవారీ జీఎస్టీ రిటర్నుల గడువైన 20వ తేదీ దాటాక వచ్చే ఆదివారం అనుకూలం.

బ్యాకప్: పని ఆరంభానికి ముందే తీసి, తిరిగి తెరిచి పరీక్షించాలి. సాధారణంగా 180 రోజులు దాటిన డొమైన్ బ్యాకప్ పునరుద్ధరణకు పనికిరాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అందుచేత ఒక ప్రతిని వేరే ఊరిలో ఉంచడం శ్రేయస్కరం.