ఎమ్‌హెచ్‌సీ-2 నియంత్రణ
డెండ్రైటిక్ కణాలు సూక్ష్మజీవుల ప్రోటీన్లను ముక్కలు చేసి, ఎమ్‌హెచ్‌సీ-2 అనే ప్రోటీన్ గాడిలో అమర్చి, సహాయక టీ కణాలకు చూపిస్తాయి. ఎమ్‌హెచ్‌సీ-2 జన్యువులను పనిచేయించేది 1993లో గుర్తించిన సీఐఐటీఏ అనే ప్రోటీన్. పుట్టుకతో ఇది లోపిస్తే పసితనం నుంచే తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వేధిస్తాయి.

ఎమ్‌హెచ్‌సీ-2 తయారీ కన్నా దాని తొలగింపు తీరే ఆసక్తికరం. అపక్వ డెండ్రైటిక్ కణంలో మార్చ్-1 అనే ఎంజైమ్, ఎమ్‌హెచ్‌సీ-2 బీటా గొలుసు తోకలోని ఒక లైసిన్‌కు యుబిక్విటిన్ అనే గుర్తును తగిలిస్తుంది. చీటీ అంటించిన పార్సిల్‌లా ఆ ఎమ్‌హెచ్‌సీ-2 లైసోజోమ్‌కు చేరి నశిస్తుంది. సూక్ష్మజీవి జాడ తగిలి కణం పరిపక్వమయ్యేకొద్దీ మార్చ్-1 తగ్గిపోతుంది, ఎమ్‌హెచ్‌సీ-2 ఉపరితలంపై నిలదొక్కుకుంటుంది. విచిత్రమేమిటంటే, కొంతసేపటికి సీఐఐటీఏ ఉత్పత్తీ ఆగిపోతుంది. కొత్త అణువులు రావు. అప్పటికే పట్టుకున్న సూక్ష్మజీవి ముక్క (యాంటిజెన్) మాత్రం చాలాకాలం బయట కనిపిస్తూ ఉంటుంది. మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేత ప్రోటీన్ ఇందుకు విరుద్ధంగా మార్చ్-1ను పెంచి, ఎమ్‌హెచ్‌సీ-2ను ఉపరితలం నుంచి తగ్గిస్తుంది.