క్యాన్సర్ బారిన పడిన కౌమార, యువ వయస్కుల అవసరాలు

సుమారు 15 నుంచి 39 ఏళ్ల మధ్య క్యాన్సర్ బయటపడినవారిని వైద్యశాస్త్రం ప్రత్యేక వర్గంగా పరిగణిస్తుంది. వీరు పిల్లల వార్డుకు గాని పెద్దల వార్డుకు గాని పూర్తిగా చెందరు. ఇరవై ఏళ్లలోపువారిలో రక్త క్యాన్సర్, శోషరస వ్యవస్థలో పుట్టే లింఫోమా, ఎముకలకు వచ్చే ఆస్టియోసార్కోమా ముఖ్యమైనవి. చివరిది తరచుగా మోకాలి దగ్గర నొప్పితో మొదలవుతుంది గనుక, ఆటలో తగిలిన దెబ్బగా భావించి మర్దనలతో విలువైన వారాలు గడిపేసే ప్రమాదం ఉంది.

తెలంగాణలో సిద్దిపేట జిల్లాలోని హుస్నాబాద్ వంటి పట్టణాల రోగులకు ప్రధాన ప్రభుత్వ ఆశ్రయం, హైదరాబాదులో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్య పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయినా నెలల తరబడి సాగే కీమోథెరపీకి, అంటే క్యాన్సర్ కణాలను మందులతో చంపే చికిత్సకు, పదేపదే చేసే ప్రయాణం, నగరంలో బస, తోడు వచ్చినవారు కోల్పోయే కూలి కుటుంబానికి భారమే. చికిత్స వల్ల చదువు ఇంటర్మీడియట్ మధ్యలో ఆగినవారికి ఓపెన్ స్కూల్ ఒక దారి.

అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది సంతాన సామర్థ్యం. కొన్ని మందులు దానిని దెబ్బతీస్తాయి కాబట్టి చికిత్సకు ముందే వీర్యాన్ని లేదా అండాలను భద్రపరచుకునే వీలున్నా, పెళ్లికాని పిల్లల ఎదుట ఆ మాట ఎత్తడానికి పెద్దలు జంకుతారు, సంబంధాలు రావన్న భయంతో జబ్బునే దాచిపెడతారు. ఈ మౌనం అన్యాయం. ఎవరి శరీరమో వారికే ముందుగా, అర్థమయ్యే తెలుగులో చెప్పడం వైద్యుల బాధ్యత. డాక్సోరుబిసిన్ వంటి కీమోథెరపీ మందులు గుండెను కూడా బలహీనపరచగలవు గనుక, వాటిని వాడినవారికి చికిత్స ముగిసిన ఏళ్ల తరవాత కూడా పరీక్షలు అవసరమవుతాయి.