హైదరాబాద్ స్క్వాడ్రన్లు

బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో నిజాం రాజ్యం పేరు పెట్టుకున్న మూడు వైమానిక దళాలు: 110, 152, 253. మొదటిది బాంబర్ దళం, మిగిలిన రెండూ ఫైటర్ దళాలు. నేటి సంగారెడ్డి ప్రాంతపు శిస్తు కూడా చేరిన నిజాం ఖజానాకూ, ఇంగ్లిష్ చానల్ మీద జరిగిన గగనతల పోరుకూ ఉన్న లంకె ఇదే.

110వ దళం 1917లో ఏర్పడింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళంగా ఇచ్చిన డీహెచ్‌-9ఏ విమానాలతో ఫ్రాన్స్ చేరింది. చేరిన తేదీ 1918 ఆగస్టు 31 అని కొందరు, సెప్టెంబరు 1 అని కొందరు రాశారు. ప్రతి విమానం మీద నిజాం కానుక అని, 'హైదరాబాద్' అనే పేరుతో పాటు ఒక వరస సంఖ్య రాసి ఉండేది. వాటిలో లండన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో మిగిలిన ఎఫ్‌1010 విమానం మీద ఉన్న సంఖ్య 12ఏ. 13ను తప్పించడానికే అలా వేశారంటారు. 1918 అక్టోబరు 5 దాడిలో అది జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంకు, అక్కడి నుంచి పోలండ్‌కు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారుగా బ్రిటన్‌కు తిరిగొచ్చింది.

152, 253 దళాలు 1939 అక్టోబరులో పునర్జన్మ ఎత్తాయి. నిజాం తలపాగా దస్తార్ 152 చిహ్నం. 'నమ్మకమైన మిత్రుడు' అనే దాని నినాదం నిజాంకు బ్రిటన్ ఇచ్చిన బిరుదే. 1940లో ఈ దళం స్పిట్‌ఫైర్లతో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి పోర్ట్‌లండ్ నౌకాస్థావరానికి కావలి కాసింది. 253 హరికేన్లతో ఆగస్టు చివర లండన్ దక్షిణాన కెన్లీకి వచ్చింది. స్పిట్‌ఫైర్లు జర్మన్ ఫైటర్లయిన మెసర్‌ష్మిట్-109లను నిలువరిస్తే హరికేన్లు బాంబర్ల మీద పడాలన్నది అనుకున్న పద్ధతి. పోరు ముదిరాక ఈ పంపకం ప్రతిసారీ సాగలేదు.

253లోని టామ్ గ్లీవ్ ఆగస్టు 30న అయిదు మెసర్‌ష్మిట్‌లను కూల్చానన్నాడు. అధికారికంగా ఒక్కటే ఖాయమైంది, మిగతావి 'బహుశా' కింద చేరాయి. అయిదూ నిజమేనన్న రచయితలున్నారు. కానీ ఆ వేసవిలో రెండు పక్షాల లెక్కలూ అసలు నష్టాలను మించాయి కనుక అధికారిక లెక్కే నమ్మదగింది. మర్నాడే అతని హరికేన్ మంటల్లో చిక్కింది. ఆ విమానంలో ఇంధనం రెక్కల మొదళ్లలో, పైలట్‌కు ఎదురుగా ఉండేది. నిప్పంటుకుంటే మంట నేరుగా కాక్‌పిట్‌లోకే వచ్చేది. ఒళ్లంతా కాలిన గ్లీవ్‌కు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో వైద్యుడు మెకిండో చర్మం అతికించాడు. అలా బాగుపడిన వాళ్ల 'గినీ పిగ్ క్లబ్'కు గ్లీవే మొదటి పెద్ద.

దళాల పైలట్లు ప్రధానంగా బ్రిటన్, కామన్వెల్త్ వాళ్లు. హైదరాబాదీలు బ్రిటన్ ఆకాశాన్ని కాపాడారనే మాట అందుకే నిలవదు. రాజ్యం ఇచ్చినవి డబ్బు, పేరు.

152 తర్వాత ఉత్తరాఫ్రికా, ఇటలీ చూసి, 1943 చివర భారత్ వైపు వచ్చింది. బర్మా రంగంలో దాని స్పిట్‌ఫైర్-8ల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. 1946లో సింగపూర్‌లో రద్దయింది.