మోడల్ రైల్వే: ఇంజను కంటే ముందు నేల

మోడల్ రైల్వే అంటే నిజమైన రైలుమార్గాన్ని చుట్టూ ఉన్న నేలతో సహా ఒకే లెక్క ప్రకారం చిన్నది చేసి బల్ల మీద నడిపే విద్య. పట్టాలు, ఇంజన్లు, స్టేషను, గుట్టలు, చెరువు, ఊరు అన్నీ పరిచిన ఆ బల్లను లేఅవుట్ అంటారు. తిరునాళ్లలో కొనే బొమ్మ రైలుకూ దీనికీ తేడా ధరలో లేదు, లెక్కలో ఉంది. బొమ్మ రైలులో పెట్టె కంటే కిటికీ పెద్దదైనా అడిగేవారుండరు. లేఅవుట్‌లో ఇంజను 87వ వంతుకు తగ్గితే పక్కన నిలబడ్డ గేట్‌మన్ కూడా 87వ వంతుకే తగ్గాలి. ఈ విద్య చరిత్రను సాధారణంగా ఇంజన్ల చరిత్రగా రాస్తారు: ఏ కంపెనీ ఏ సంవత్సరంలో ఏ మోటారు పెట్టింది, ఏ కొలత తెచ్చింది అని. ఆ వరుసలో ముఖ్యమైన మలుపులు చూస్తే కథ ఇంకో దారిన పోయిందని తెలుస్తుంది. బొమ్మను మోడల్‌గా మార్చింది ఇంజను కాదు, దాని కింది నేల. కాజీపేట, మానుకోట (మహబూబాబాద్), డోర్నకల్ దారిలో లేఅవుట్ కట్టాలనుకునేవారికి ఈ తేడా చాలా అవసరం, ఎందుకంటే ఇంజను ఎక్కడి నుంచైనా తెప్పించుకోవచ్చు, నేలను ఎవరూ అమ్మరు.

మొదట్లో ఇది పూర్తిగా బొమ్మల వ్యాపారమే. జర్మనీకి చెందిన మెర్క్లిన్ కంపెనీ 1891లో లైప్జిగ్ సంతలో కీ ఇచ్చి నడిపే రైలును, దానికి ఎనిమిది అంకె ఆకారపు పట్టాలను పెట్టింది. అసలు కొత్తదనం రైలులో లేదు. పట్టాల వెడల్పుకు నంబర్లిచ్చి, ఈ ఏడాది కొన్న ముక్కకు వచ్చే ఏడాది కొన్న ముక్క అతికేలా చేయడంలో ఉంది. అమెరికాలో 1900లో లయొనెల్, ఇంగ్లండులో 1920లో హార్న్‌బీ అదే బాట పట్టాయి. 1930ల నాటికి పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లకు తగ్గి, ఇంట్లో ఒక బల్ల మీద పట్టే రైలు వచ్చింది. ఆ పట్టాల మీదే 1:87 లెక్కలో కట్టేదాన్ని హెచ్‌ఓ అని, బ్రిటిష్‌వారి 1:76 లెక్కను డబుల్ ఓ అని పిలుస్తారు. డిజిటల్ పద్ధతి వచ్చాక ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను వేర్వేరు వేగాలతో నడపడం తేలికైంది. ఇదంతా యంత్రాల సంగతి. ఇక్కడితో ఆగితే మంచి బొమ్మ మిగులుతుంది, అంతే.

మలుపు తిప్పినవారు వేరే. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ కట్టిన గోరీ అండ్ డెఫీటెడ్ అనే లేఅవుట్‌లో కొండలు నేల నుంచి కప్పు దాకా లేచేవి, ఇంజన్లకు తుప్పు, మసి ఉండేవి. తళతళలాడే పెయింటు చూసి మురిసే రోజుల్లో ఆయన తన ఇంజన్లకు కావాలని మురికి పూశాడు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది, ఫొటోలే మిగిలాయి. అంతకంటే మన సంగతికి దగ్గరివాడు రాయ్ ఇంగ్లండ్. ఈ ఆస్ట్రేలియన్ 1925లో ఇంగ్లండులోని వేల్ ఆఫ్ వైట్ హార్స్ ప్రాంతానికి వచ్చాడు. రైళ్ల మోజుతో వచ్చినవాడికి గడ్డి కప్పుల పాత ఇళ్లు ఒకటొకటిగా పడిపోవడం, కప్పులు మారిపోవడం కళ్ల పడింది. వాటిని కొలిచి, దళసరి కాగితంతో 1:76 లెక్కలో కట్టడం మొదలుపెట్టాడు. 1954లో మొదలైన పెండన్ మ్యూజియం అలా పుట్టింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలపు పల్లె అందులో ఉంది, దాని మధ్య నుంచి రైలు పోతుంది. ఒక్కో ఇంటికి నెలల తరబడి పట్టిన పని అది. రైలు కోసం మొదలైన పని ఊరి రికార్డుగా మారింది. నా లెక్కలో ఈ విద్యకు అసలు పుట్టినరోజు 1891 కాదు, ఆ ఇళ్ల కొలతలు తీసిన రోజులు.

మన దేశంలో ఈ విద్య మొదటి మెట్టు మీదే ఎక్కువ కాలం నిలిచింది. గ్వాలియర్ సింధియాల భోజనాల బల్ల మీద తిరిగే వెండి రైలు అందరికీ తెలిసిందే. అతిథులకు మద్యం, చుట్టలు మోసుకెళ్లే ఆ రైలుకు దారి పొడవునా పింగాణీ పళ్లేలే తప్ప పొలాలు లేవు. 1977లో తెరిచిన ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియం అసలు ఇంజన్లకు, వాటి నమూనాలకు పేరు పొందింది. పుణె కోత్రుడ్‌లో 1998లో తెరిచిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం జనం చూడదగ్గ చక్కటి లేఅవుట్, అయితే అందులోది ఊహా నగరం, ఏ జిల్లాదీ కాదు. దీనికి బద్ధకం కంటే పెద్ద కారణం పట్టాల వెడల్పు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, యూరప్ ప్రామాణిక గేజ్ 1435. 1:87 లెక్కలో మన గేజ్‌కు 19.3 మిల్లీమీటర్ల పట్టా కావాలి, బజారులో దొరికేది 16.5. దాని మీద మన ఇంజనును నిలబెడితే పెద్ద కడుపుతో సన్నకాళ్ల మీద నిలబడ్డ మనిషిలా ఉంటుంది. పట్టాలు సొంతంగా వేసుకోవడమో, ఆ మూడు మిల్లీమీటర్ల తేడాను మన్నించడమో చేయాలి. చాలామంది మన్నిస్తారు. పక్క నుంచి చూసేవారికి గేజ్ కంటే ముందు చెట్లు కనబడతాయి కనుక నేనూ మన్నించమనే అంటాను.

ఓరుగల్లు నేల మీది రైలుమార్గానికి మోడల్‌గా కట్టదగ్గ చరిత్ర దండిగా ఉంది. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో బండి వచ్చింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1886లో వరంగల్‌కు, 1888లో డోర్నకల్‌కు, 1889లో బెజవాడకు పట్టాలు వేసింది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు చీలిన దారి బొగ్గు కోసం పుట్టింది. 1929లో కాజీపేట–బల్హార్షా దారి పూర్తయ్యాక ఢిల్లీ–మద్రాసు బండ్లు ఈ గడ్డ మీదుగా పరుగెత్తాయి. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఈ వరుసలో ఏదో ఒక కాలాన్ని ఎంచుకోవాలి, అన్నీ కలపకూడదు. నల్లటి డబ్ల్యూజీ ఆవిరి ఇంజను పక్కన పైన కరెంటు తీగలు, వెనక వందేభారత్ పెడితే అది లేఅవుట్ కాదు, పెండ్లి స్టేజీ. అదే డోర్నకల్ జంక్షన్‌ను ఆవిరి రోజుల్లో ఆపితే బొగ్గు బండ్లు, నీళ్ల గొట్టం, రెక్క సిగ్నల్, దూరాన 1939లో పూర్తయిన కెథెడ్రల్ ఒకే చూపులో ఇముడుతాయి. గుడి, మసీదు, చర్చి పోకడలు కలిసిన ఆ కట్టడం ఒక్కటి చాలు, ఏ జంక్షనో ఇంకెవరూ అడగరు.

నేల విషయంలో పొరపాటు ఎక్కడ జరుగుతుందో తాటిచెట్టు చూపిస్తుంది. బజారులో దొరికే చిన్న చెట్లు యూరప్ కొండల దేవదారులు. అవి వద్దనుకున్నవారు కూడా తాటిచెట్టును ఇంజనంత ఎత్తు చేసి వదిలేస్తారు. ఎదిగిన తాడి పద్దెనిమిది మీటర్లు అనుకుంటే 1:87లో అది దాదాపు 21 సెంటీమీటర్లు. ఇంజను ఎత్తు ఐదు సెంటీమీటర్లకు మించదు. అంటే తాడి ఇంజనుకు నాలుగింతలు ఉండాలి. అలా నిలబెట్టినప్పుడే, మానుకోట దాటాక కిటికీలోంచి తలెత్తి చూసే దృశ్యం బల్ల మీదికి వస్తుంది. కంకర సంగతీ అంతే. పట్టాల కింద యాభై మిల్లీమీటర్ల రాయి ఈ లెక్కలో అర మిల్లీమీటరు, అంటే బొంబాయి రవ్వ అంత. రవ్వే పోస్తే చీమలు పడతాయి. క్రషర్ దగ్గరి రాతిపొడిని సన్న జల్లెడ పట్టి పోసి, నీళ్లలో పలచన చేసిన ఫెవికోల్‌లో ఒక చుక్క షాంపూ కలిపి చుక్కలు చుక్కలుగా వదిలితే జిగురు పైన ముద్దకట్టకుండా లోపలికి దిగుతుంది. ఆరాక కొంచెం తుప్పు రంగు అద్దాలి, ఎందుకంటే బండ్లు తిరిగే దారిలో కంకర తెల్లగా ఉండదు. కట్టకు అటూ ఇటూ చెలక ఎర్రగా, రేగడి నల్లగా, వరిమడి కాలాన్నిబట్టి మారుతూ ఉండాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇది దిగుమతి సరుకు మీద ఆధారపడ్డ, డబ్బున్నవారి సరదా కదా, మన ఊళ్లలో ఎలా సాగుతుంది? ఇంజను వరకు ఆ మాట నిజమే. చక్రాలు, మోటారు, పట్టాలు చవకగా రావు. నేల మాత్రం మన చేతివృత్తుల్లోనే ఉంది. జనగామ పక్కన చేర్యాలలో రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దతో మాస్కులు, బొమ్మలు చేస్తారు. ఆ ముద్ద ఆరాక గట్టిపడుతుంది, రంగు పడుతుంది. గుట్టలకు, బండలకు అంతకంటే మంచి సరుకు దిగుమతి పెట్టెల్లో లేదు. జనగామ జిల్లాలో, రైలు స్టేషను కూడా ఉన్న పెంబర్తి ఇత్తడి రేకును సుత్తితో మలిచే ఊరు. ప్రపంచంలో మోడళ్లు సేకరించేవారు ఎగబడి కొన్న ఇత్తడి ఇంజన్లు ఒకప్పుడు జపాన్‌లో, తర్వాత కొరియాలో చేత్తో చేసినవే. కొండపల్లి తెల్లపొనికి, ఏటికొప్పాక అంకుడు కర్ర వేరే చెప్పక్కర్లేదు. కోస్తా ఇళ్లలో బొమ్మల కొలువు పక్కన మట్టి పోసి, ఆవాలు చల్లి, మొలకలతో పొలం చేసే అలవాటు ఉంది. అది లేఅవుట్ అన్న పేరు లేని లేఅవుట్. కొలువులో లేనిది ఒక్కటే, లెక్క. రాముడి పక్కన చెట్టియార్ బొమ్మ రెండింతలున్నా కొలువు కొలువే, లేఅవుట్ మాత్రం చెడుతుంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఫొటోలు, వీడియోలు, కంప్యూటర్‌లో రైలు నడిపే ఆటలు ఉండగా బల్ల మీద ఈ కష్టమెందుకు? రికార్డే కావాలంటే కెమెరా చాలదా? చాలదు. కెమెరాకు ఎదురుగా ఉన్నదే పడుతుంది. కట్టేవాడికి వెనక ఏముందో కూడా తెలియాలి. కట్ట ఎత్తెంత, వాన నీళ్లు ఏ మోరీ గుండా అవతలికి పోతాయి, గేటు దగ్గర రోడ్డు ఎటు వంగుతుంది, ఇవి తెలియకుండా ఒక్క అడుగు బల్ల కూడా నిండదు. 2024 సెప్టెంబరు 1న కురిసిన వానకు ఇదే కాజీపేట–విజయవాడ దారిలో ఇంటికన్నె–కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎందుకక్కడే తెంచుకుపోయాయో ఆ ఫొటోల్లో లేదు. చెరువులు, వాగులు, కట్ట ఎత్తులు సరైన లెక్కలో కట్టిన బల్ల మీద ఆ ప్రశ్న వేలితో చూపించి అడగొచ్చు. కంప్యూటర్ ఆటల్లోనూ ఈ నేల కట్టొచ్చు, కట్టినవారిని తక్కువ చేయనక్కర్లేదు. కాకపోతే పదిమంది చుట్టూ నిలబడి, వంగి, వాదించుకునేది బల్ల దగ్గరే.

ఇక చోటు సంగతి. కాజీపేట నుంచి విజయవాడకు 200 కిలోమీటర్లకు పైనే, 1:87లోనూ అది రెండు కిలోమీటర్లు దాటుతుంది. ఐసీఎఫ్ పెట్టె ఒక్కటి ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు, ఇరవై నాలుగు పెట్టెల బండి ఆరు మీటర్లు. ఏ ఇంట్లోనూ పట్టదు. కాబట్టి అందరూ దూరాన్ని కుదిస్తారు, పెట్టెలు తొమ్మిదో పదో పెడతారు. కుదించేటప్పుడు దేన్ని వదలాలన్నదే కట్టేవాడి తీర్పు. నా ఓటు చిన్న స్టేషనుకు. కేసముద్రమో గార్లో తీసుకుంటే రెండు ప్లాట్‌ఫారాలు, ఒక గేటు, ఒక మోరీ, ఆగకుండా పోయే బొగ్గు బండి, ఎనిమిది అడుగుల పలకలో కుదురుతాయి. ఇదే ప్రాంతంలోని తొర్రూరు లాంటి ఊరికి పట్టాలే లేవు కదా, దానికి లేఅవుట్‌లో చోటెక్కడ అని అడగవచ్చు. నిజమే, వరంగల్–ఖమ్మం రోడ్డు తొర్రూరు మీదుగా పోతుంది, రైలు తూర్పున నెక్కొండ, కేసముద్రం, మానుకోట మీదుగా చుట్టి పోతుంది. పట్టా పడని ఊరు కూడా రైలు చరిత్రలో భాగమే. మానుకోట స్టేషను బయట రోడ్డు మీద పన్నెండున్నర సెంటీమీటర్ల తొర్రూరు డిపో బస్సు ఒకటి నిలబెట్టి, పక్కన సంచులతో నలుగురు మనుషులను పెడితే, బల్ల మీద లేని తొర్రూరు కూడా లేఅవుట్‌లోకి వస్తుంది.

మొదలుపెట్టేవారికి కొలతల గురించి ఒక మాట. పట్టాల మీదికి దిగి టేపు పట్టవద్దు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అవసరం కూడా లేదు. కాంక్రీటు స్లీపర్లు సాధారణంగా అరవై సెంటీమీటర్లకు ఒకటి ఉంటాయి. ప్లాట్‌ఫారం మీదో, గేటు అవతలో నిలబడి పట్టాకు ఎదురుగా తీసిన ఫొటోలో స్లీపర్లు లెక్కపెడితే మోరీ వెడల్పు, గేటు పొడవు, స్తంభాల మధ్య దూరం అన్నీ కాగితం మీదికి వస్తాయి.